ఇసికేలికి చెప్పిన క్షమాపణ

శనివారం మధ్యాహ్నం వంటింట్లో కింద కూర్చుని కర్రపెండలం తొక్క తీస్తుంటే ముందుగదిలోంచి చప్పట్లు వినబడ్డాయి. మామూలు చప్పట్లు కావు. అరచేతులు గుల్లగా పట్టి, నెమ్మదిగా, పెద్దరికంగా కొట్టేవి. అంటే ఎవరో యంగోనా మొక్క వేళ్ళ కట్ట తెచ్చి చాప మీద పెట్టారన్నమాట. మా ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. మా ఆయన ఇసికేలి వాళ్ళ వంశానికి పెద్దకొడుకు. ఊళ్ళో పెళ్ళయినా, చావయినా, పొలం గట్టు తగాదా అయినా ఓడెక్కి వచ్చి సువా పట్నంలో మా ఇంటి చాప మీదే తేలుతుంది. ఆ వేళ్ళని దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరిచిప్పతో వాళ్ళు తాగుతారు. వాళ్ళు తాగినంతసేపూ నేను వండుతాను.

"లో, ఆరుగురున్నారు. చేపలు సరిపోతాయా?" ఇసికేలి తలుపులోంచి తల పెట్టి అడిగాడు. లోసలీని అన్న నా పేరుని అతను అలాగే కుదిస్తాడు.

"ఎవరొచ్చారు?"

"నీకెందుకులే, మగాళ్ళ మాటలు. ముందు టీ పంపించు."

నవ్వుతూనే అన్నాడు. ఇసికేలి చెడ్డవాడు కాదు. ఈ మాట పెళ్ళయిన దగ్గర్నించీ ఎంతమందికి చెప్పుకున్నానో. తాగి రాడు, చెయ్యెత్తడు, ఆదివారం చర్చిలో పక్కనే కూర్చుని నా పాటల పుస్తకం కూడా తనే పట్టుకుంటాడు. చెడ్డవాడై ఉంటే నా పని తేలికయ్యేది. మంచివాడి మీద కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు నాకు.

టీ పెట్టాను. చేపలకి ఉప్పు రాశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి కానీ మనసు సోమవారం మీదే ఉంది. సోమవారం నా ఫిర్యాదు విచారణకి వస్తుంది. మా ఓడల కంపెనీలో ఒక ఆడది మేనేజర్ మీద ఫిర్యాదు పెట్టడం నేను చూడగా ఇదే మొదలు, అది నేనే కావడం నాకే భయంగా ఉంది. నేను అడిగింది పెద్ద కోరికేం కాదు. నా పేరు నాకు తిరిగి ఇమ్మన్నాను.

జరిగింది ఇది. ఒక శుక్రవారం సాయంత్రం లౌ దీవులకి వెళ్ళాల్సిన ఓడ ఇంజన్ పాడైంది. మెకానిక్కులు బుకింగ్ కౌంటర్‌కి ఫోన్ చేసి, ఓడ కదలదని నాకు చెప్పారు. ఓడ రావడం లేదని దీవులకి తెలియాలంటే రేడియోలో ప్రకటన రావాలి, ప్రకటనకి మేనేజర్ నోటి మాట కావాలి. మేనేజర్ సమిసోని గోడౌన్ వెనక షెడ్డులో ఉన్నాడు. శుక్రవారం నాలుగు దాటితే మా ఆఫీసు అక్కడికి మారిపోతుంది. చెక్కగిన్నె చుట్టూ మగాళ్ళందరూ మఠం వేసుకుని కూర్చుంటారు. ఎవరికి ప్రమోషనో, ఎవరికి ఏ షిఫ్టో, ఎవరి సెలవు తెగ్గోయాలో అన్నీ అక్కడే తేలతాయి. సోమవారం పొద్దున మాకు కాగితం మీద వస్తుంది. ఆడవాళ్ళు రాకూడదని ఎవరూ అనలేదు. కాకపోతే ఆ వేళకి మేం బస్సులో ఉంటాం, చేతిలో కూరగాయల సంచీతో.

నేను షెడ్డు దాకా వెళ్ళి గుమ్మంలో వంగి చెప్పాను. ఓడ కదలదు సర్, రేడియోకి చెప్పాలి అన్నాను. సమిసోని చేతిలో చిప్ప ఉంది. తాగి, చప్పట్లు కొట్టి, మూతి తుడుచుకుని, "సరే లోసలీనీ, నేను ఫోన్ చేస్తాగా. నువ్వు ఇంటికెళ్ళు, పిల్లలు చూస్తుంటారు" అన్నాడు. ఎంత ఆప్యాయంగా అన్నాడంటే నేను నిజంగానే ఇంటికెళ్ళాను.

ఆయన మరిచిపోయాడు. దీవుల్లో జనం కొబ్బరి బస్తాలతో, చాపల చుట్టలతో, చంటిపిల్లలతో జెట్టీ మీదకొచ్చి కూర్చున్నారు. వాన. కంటి ఆపరేషన్‌కి బయల్దేరిన ఒక ముసలావిడ రెండు రోజులు తడిసి జ్వరం తెచ్చుకుంది. రేడియోకి ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు సమిసోని రేడియోలో మాట్లాడాడు. "మా బుకింగ్ సిబ్బంది లోసలీని పొరపాటు వల్ల కబురు అందలేదు, మన్నించండి" అన్నాడు. పేరుతో సహా. ఆ రేడియో మా పుట్టింటి దీవిలో కూడా మోగుతుంది. మా అన్న ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "జెట్టీ మీద మన పిన్ని కూడా ఉంది, తెలుసా నీకు?" అన్నాడు.

నేను రెండేళ్ళుగా బుకింగ్ సూపర్వైజర్ పని చేస్తున్నాను. పేరుకి మాత్రం గుమాస్తానే. ఆ ఉద్యోగం నాకు ఖాయం చేసే నెల ఇదే. రేడియోలో నా పేరు అలా ఉండగా ఎవరు ఖాయం చేస్తారు?

మరుసటి సోమవారం తలనోవాలో లేచాను. తలనోవా అంటే మాకు తీరిగ్గా కూర్చుని కబుర్లాడుకోవడం. కిందటేడు బ్రిస్బేన్ నుంచి సిబ్బందికి ఉత్సాహం నేర్పడానికి ఒకాయన వచ్చి, మా మాటనే మాకు అమ్మి వెళ్ళాడు. అప్పట్నించీ సోమవారం ప్రార్థన అయ్యాక ఒక గంట తలనోవా. గోడ మీద పెద్ద అక్షరాలు: మనసులో మాట చెప్పండి, మేం వింటాం. నేను గోడని నమ్మాను. "సర్, ఓడ సంగతి శుక్రవారమే మీకు చెప్పాను" అన్నాను.

సమిసోని అందరి వైపూ చూసి నవ్వాడు. "గిన్నె దగ్గర ఎవరేం చెప్పారో ఎవరికి గుర్తుంటుందమ్మా? పాపం మా ఇసికేలి! రోజూ ఇంట్లో ఈ గొంతు ఎలా భరిస్తున్నాడో!"

హాలంతా నవ్వింది. ఆయన ఊరికీ ఇసికేలి ఊరికీ పరాచికాల వరస. వాళ్ళు ఒకరినొకరు ఏమన్నా తప్పు పట్టకూడదు. ఆ వరస నాకు లేదు. నేను ఎవరి ఊరిదాన్నీ కాదు, నా కౌంటర్‌దాన్ని. నా పక్క కౌంటర్‌లో కూర్చునే శలేష్ని కూడా నవ్వింది. తర్వాత బాత్రూములో నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నవ్వకపోతే నన్నూ చూస్తాడని నవ్వాను" అంది. ఆ మధ్యాహ్నమే ఫిర్యాదు పెట్టాను.

చేపలు వేగాయి. పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళి, పద్ధతి ప్రకారం వంగి, మోకాళ్ళ మీద జరిగి చాప మీద పెట్టాను. తలెత్తితే ఎదురుగా సమిసోని.

పువ్వుల చొక్కా, కొత్త సులు లుంగీ కట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు. పక్కన వాళ్ళ ఊరి పెద్దమనిషి. నా వైపు చూడలేదు. వెంటనే నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇసికేలి ఊరి చర్చికి కప్పు వేస్తున్నారు, రేకులు ఓడలో వెళ్ళాలి, దాని గురించే వచ్చుంటాడు అనుకున్నాను. ఇంటికొచ్చిన మనిషికి తిండి పెట్టడం వేరు, ఆఫీసు గొడవ వేరు. ఇంకాస్త నిమ్మరసం కూడా తెచ్చి పెట్టాను. సమిసోని రెండు చేపలు తిన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మా అత్తగారు వంటింట్లోకి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ నన్ను ముట్టుకోవడం అరుదు.

"ఇంక ఆ సంగతి ఎత్తకమ్మాయ్. అయిపోయింది."

"ఏ సంగతత్తయ్యా?"

"అదే, మీ ఆఫీసుది. సోరో తెచ్చాడుగా పాపం, అంత పెద్ద ఉద్యోగంలో ఉండి. మనవాడు తీసుకున్నాడు. మంచి వేళ్ళు తెచ్చాడు, చవకరకం కాదు."

చేతిలో గిన్నె సింకులో పెట్టాను. పెట్టాననే అనుకున్నాను, పడేసినట్టు పెద్ద చప్పుడైంది.

సోరో అంటే మాకు ఆటలు కాదు. తప్పు చేసినవాడు వేళ్ళ కట్ట తెచ్చి, కింద కూర్చుని, తల వంచుకుని అడుగుతాడు. అవతలివాళ్ళు ఆ కట్టని ముట్టుకుని చప్పట్లు కొడితే అక్కడితో సరి. తర్వాత ఆ సంగతి ఎత్తినవాళ్ళదే తప్పు. నేనూ దాన్ని చూస్తూ పెరిగినదాన్నే. చిన్నప్పుడు మా పంది పక్కింటి విధవరాలి చేమదుంపల మడి అంతా కుమ్మేస్తే మా నాన్న కట్ట పట్టుకుని వెళ్ళాడు. ఆవిడ మరిది దగ్గరికి కాదు, ఊరిపెద్ద దగ్గరికి కాదు, నేరుగా ఆవిడ దగ్గరికే. ఆవిడ చాప అల్లుతోంది. మా నాన్నని అలాగే కూర్చోబెట్టి, అంచు పూర్తయ్యేదాకా అల్లి, అప్పుడు ముట్టుకుంది. నాన్నకి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంటికొచ్చి నవ్వుతూ, "ఆవిడ దుంపలు, ఆవిడిష్టం" అన్నాడు.

ఇక్కడ దుంపలు నావి. చప్పట్లు ఇసికేలివి. వంట నాది.

ఇసికేలి వెనక వసారాలో చెక్కగిన్నె కడుగుతున్నాడు. ఇంట్లో అతను కడిగే గిన్నె అదొక్కటే.

"నన్ను పిలవాలనిపించలేదా?"

"లో, అవి పెద్దవాళ్ళ మధ్య మాటలు. వాడు తల వంచాడు. ఇంకేం కావాలి నీకు?"

"తల ఎవరికి వంచాడు?"

"మనకి."

"నేను వంటింట్లో ఉన్నాను."

"అబ్బా, నువ్వేమిటి నేనేమిటి? నీ తరఫున తీసుకున్నా. నీకు మంచే చేశాను. సోమవారం ఆ హాల్లో పదిమంది ముందు నిలబడి ఏడవాల్సిన పని తప్పించాను."

"నేను ఏడుస్తానని ఎవరన్నారు?"

ఇసికేలి గిన్నెని బోర్లించి, గుడ్డతో దాని కాళ్ళు ఒక్కొక్కటీ తుడిచాడు. నా వైపు చూడకుండానే అన్నాడు, "చర్చి రేకులు కూడా కిరాయి లేకుండా పంపిస్తానన్నాడు."

ఇద్దరం ఆ మాట విన్నాం. అన్నవాడికి కూడా అది ఎలా వినబడిందో ముఖం చూస్తే తెలిసింది. "అందుకోసం కాదు లో, నిజంగా కాదు. మాటలో మాటగా వచ్చింది" అన్నాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి. అందుకోసం కాదనే నమ్ముతున్నాను. కానీ నా పేరు, ఆ రేకులు ఒకే చాప మీద పక్కపక్కన పెట్టినప్పుడు ఏది బరువో ఇసికేలి ఒక్కసారైనా ఎత్తి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవకూడదని బట్టలు తియ్యడానికి దండెం దగ్గరికి పోయాను.

ఆదివారం చర్చిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నన్ను కౌగిలించుకుని అభినందించారు. ఏదో పురుడొచ్చినట్టు. "ఎంత పెద్దమనసు నీది!" అంది ఒకావిడ. నా మనసు ఎంతుందో కొలిచింది ఎవరు? నేను ఇంకా ఫిర్యాదు వెనక్కి తీసుకోకముందే ఊరంతటికీ నేను క్షమించేశానని తెలిసిపోయింది. ఓడ ఆగిందన్న కబురు దీవులకి చేరలేదు గానీ, ఈ కబురు మాత్రం ఎంత వేగంగా చేరింది! ఇసికేలి పాటల పుస్తకం పట్టుకున్నాడు. నేను నా పుస్తకం వేరే తీసుకున్నాను. అతను చూసి, తన పుస్తకంలోకి తలదించుకున్నాడు.

ఆ రోజంతా ఆలోచించాను. సోరో తీసుకున్నాక నోరెత్తితే మా అత్తగారికి తలవంపులు. ఇసికేలి మాట పోతుంది. అన్నకి మళ్ళీ ఇంకో అవమానం. ఊరుకుంటే? రేడియోలో నా పేరు అలాగే ఉండిపోతుంది. ఆ కౌంటర్‌లో నా పై కుర్చీలో ఇంకెవరో కూర్చుంటే, ఓడ ఆగిన ప్రతిసారీ అందరూ ముందు నా ముఖం చూస్తారు. ఇంట్లో నాకు నచ్చజెప్పడానికి ఎవరూ లేరు, నన్ను తిట్టడానికీ ఎవరూ లేరు. అందరూ చాలా ప్రేమగా ఉన్నారు. ఆ ప్రేమ మధ్య నాకు ఊపిరాడలేదు.

సోమవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే ఇసికేలి వంటింట్లోంచి పిలిచాడు. నేను రోజూ వెళ్ళేముందు సాయంత్రానికి కర్రపెండలం తొక్క తీసి నీళ్ళలో వేసి పెడతాను. ఆ రోజు గిన్నె ఖాళీగా ఉంది. దుంపలు మట్టితో అలాగే బల్ల మీదున్నాయి.

"ఇవి తియ్యలేదేం?"

"సాయంత్రం ఎప్పుడొస్తానో తెలీదు. నా తరఫున సోరో తీసుకున్నవాడివి, నా తరఫున తొక్క కూడా తియ్యి."

అత్తగారు గుమ్మంలో నిలబడి నోరు తెరిచి చూస్తోంది. నేను చెప్పులేసుకుని బస్సెక్కాను.

ప్రార్థన అయింది. సమిసోని కాఫీ కప్పుతో గోడ మీది అక్షరాల కింద నిలబడ్డాడు. ముఖం తేటగా ఉంది.

"ఒక మంచి మాటతో మొదలుపెడదాం. లోసలీనికీ నాకూ మధ్య వచ్చిన చిన్న పొరపొచ్చం మన పద్ధతిలో మనం తీర్చుకున్నాం. కాగితాలూ విచారణలూ మనకెందుకు? మనమంతా ఒక కుటుంబం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫిర్యాదులు చూసే మెరెసియానా నా వైపు తిరిగి, తేలిగ్గా ఊపిరి వదిలి, "అయితే ఇక మూసేయనా లోసలీనీ?" అంది.

లేచాను. గొంతు బయటికి రాదేమోనని భయపడ్డాను. వచ్చింది, ఇంట్లో ఇసికేలి భరిస్తున్నాడన్న గొంతే.

"శనివారం మా ఇంటికొచ్చారు సర్. నేను వేయించిన చేపలు తిన్నారు. క్షమించమని ఎవర్ని అడిగారు?"

"మీ కుటుంబాన్ని అడిగానమ్మా. పెద్దదిక్కుని అడిగాను. మన పద్ధతే అది."

"నా ఎదురుగా అడిగారా?"

"నువ్వు వంటింట్లో ఉన్నావు కదా!"

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపేసుకున్నారు. సమిసోనికి కూడా ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే వినబడినట్టుంది. కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నేనెక్కడున్నానో మీకు తెలుసన్నమాట" అన్నాను. "మీరు ఇసికేలిని అడిగారు, ఇసికేలి క్షమించాడు. ఆయన కోపం తీరిపోయింది, సంతోషం. కానీ ఆయన ఈ ఆఫీసులో పనిచెయ్యడు సర్. ఆ శుక్రవారం షెడ్డు గుమ్మంలో నిలబడి మీకు చెప్పింది నేను. రేడియోలో మీరు చెప్పింది నా పేరు. మీ సోరో నా వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. నాకు అందలేదు."

"లోసలీనీ, ఒకసారి ముట్టుకున్నాక మళ్ళీ ఎత్తితే తప్పు. అది నీకు నేను చెప్పాలా?"

"అవును సర్, తప్పే. నేను ముట్టుకుని ఉంటే."

ఇక నిలబడి చెప్పడానికి నాకేం మిగల్లేదు. కుర్చీల మధ్య ఖాళీలోకి వచ్చి, గౌను సర్దుకుని, కింద మఠం వేసుకుని కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. మాలో ఒక మనిషి సోరో అందుకోవడానికి నేల మీద కూర్చుంటే, ఆ మనిషి తల పైన ఇంకొకరు కుర్చీల్లో కూర్చోరు. అందరికీ తెలుసు, కానీ ఎవరూ కదల్లేదు.

ముందు కదిలింది శలేష్ని. ఆమెది ఆ పద్ధతే కాదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. "ఈసారి నవ్వను అక్కా" అంది, నాకొక్కదానికే వినబడేలా. తర్వాత గోడౌన్ ముసలాయన అపిసాయి కుర్చీ పక్కకి జరిపి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కిందికి దిగాడు. షెడ్డులో గిన్నె దగ్గర సమిసోని కుడిపక్కన కూర్చునేది ఆయనే.

"చెప్పింది సర్ ఆ రోజు" అన్నాడు నేలని చూస్తూ. "ఓడ కదలదు, రేడియోకి చెప్పాలి అంది. మనమంతా విన్నాం."

కుర్చీలు ఒక్కొక్కటే జరిగిన చప్పుడు. మెరెసియానా కూడా దిగింది. కౌంటర్‌లో ఫోన్ మోగుతోంది, ఎవరూ లేవలేదు. కాసేపటికి ఆ హాల్లో నిలబడి ఉన్నది సమిసోని ఒక్కడే, కాఫీ కప్పుతో, తల మీద ఆ పెద్ద అక్షరాలతో. తలుపు వైపు చూశాడు. మా వైపు చూశాడు. కప్పు ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియడం లేదు.

నేను కదల్లేదు. మా పక్కింటావిడ చాప అంచు అల్లిన తీరు గుర్తొచ్చింది. నాకేం తొందర లేదు. ఈ సాయంత్రం కర్రపెండలం తొక్క తీసేది ఇసికేలి.